మంత్రసానికి గ్రంథం అందించిన మనీషి: ఎడ్వర్డ్ బాల్ఫర్

కంబదూరు సీమలో పుట్టి పెరిగిన వారికి మూడు భాషలు చెవిన పడడం వింత కాదు. ఒక వాకిట తెలుగు, పక్క వాకిట ఉర్దూ, పొలిమేర దాటితే కన్నడం. అయితే ఏ ఇంట ఏ మాట పలికినా, పురిటి నొప్పుల వేళ పూర్వం ఆ ఇంటివారంతా ఎదురుచూసింది ఒక్కరి కోసమే. ఆమెను తెలుగువారు మంత్రసాని అన్నారు. ఉర్దూవారు దాయి అన్నారు. కన్నడిగులు సూలగిత్తి అన్నారు. ఆమెకు తెలిసినదంతా తల్లి వద్దనో అత్త వద్దనో చూచి నేర్చినదే. ఆమెకు శాస్త్రం నేర్పేదెవరు? ఏ భాషలో నేర్పాలి? ఈ ప్రశ్నకు పందొమ్మిదవ శతాబ్దిలోనే సమాధానం వెదకిన వైద్యుని జీవితాన్ని మా విద్యార్థినీ విద్యార్థులకు పరిచయం చేయదలిచాము.

ఎడ్వర్డ్ గ్రీన్ బాల్ఫర్ 1813 సెప్టెంబరు 6న స్కాట్లండులోని మాంట్రోజ్ పట్టణంలో జన్మించారు. ఎడింబరోలో శస్త్రవైద్యం అభ్యసించి 1833లో పట్టా పొందారు. 1834లో భారతదేశానికి వచ్చి, 1836లో సైన్యంలో అసిస్టెంటు సర్జనుగా నియమితులయ్యారు. దక్కనులో దండులతో తిరిగిన ఆ సంవత్సరాలలోనే పారశీక, హిందూస్తానీ భాషలలో గొప్ప ప్రావీణ్యం సంపాదించారు. ఆ భాషల కవుల రచనలనుండి ఏరి 1850లో 'గుల్‌దస్తా' అనే సంకలనాన్ని వెలువరించారు. మద్రాసులో మహమ్మదీయ గ్రంథాలయాన్ని స్థాపించినది వారే. 1851లో నెలకొన్న మద్రాసు ప్రభుత్వ వస్తు ప్రదర్శనశాలకు తొలి అధ్యక్షులూ వారే. 1857లో భారతదేశ విజ్ఞాన సర్వస్వాన్ని ప్రకటించారు. చెట్లకూ వానకూ గల సంబంధాన్ని గూర్చి 1849లోనే వ్యాసం వ్రాశారన్న సంగతి వాన మొగం చూడని మన సీమవారికి మరింత ఆసక్తి కలిగిస్తుంది.

ఈ కృషులన్నింటిలో మా మనస్సును మిక్కిలి ఆకట్టుకున్నది మరొకటి. లండన్ ప్రసూతి వైద్యుడు జాన్ ట్రిక్కర్ కాన్క్వెస్ట్ రచించిన ప్రసూతిశాస్త్ర సంగ్రహాన్ని బాల్ఫర్ స్వయంగా హిందూస్తానీలోకి అనువదించారు. అంతటితో తృప్తి పడక, దానిని తెలుగు, తమిళ, కన్నడ భాషలలోకి ఇతరులచేత అనువదింపజేసి, తమ సొంత ధనంతో అచ్చు వేయించారు. మన ఊరి మూడు భాషలూ అందులో ఉన్నాయి.

ఇది చిన్న పని కాదు. తక్కిన శాస్త్రాలలో ఒక మాట అర్థం కాకపోతే పాఠం ఆగుతుంది. ప్రసూతిశాస్త్రంలో ప్రాణం పోవచ్చు. జరాయువంటే తెలియని స్త్రీకి మావి అంటే తెలుస్తుంది. మావి పడక నెత్తురు పోతున్న వేళ ఏం చేయాలో పరభాషలో బోధిస్తే, ఆ పాఠం చేతిదాకా రాదు. కాబట్టి నేర్చేవారికంటె ముందు నేర్పేవారి చేతికి దేశభాషలో గ్రంథం అందాలి.

అయితే గ్రంథం ఒక్కటే చాలదు. ఆనాటి మంత్రసానులలో చదువు వచ్చినవారు అరుదు. చదువు నేర్చిన పురుష వైద్యునికి గోషా ఇంటి తలుపు తెరుచుకోదు. పుస్తకం ఒకరి చేతిలో, పురిటాలు మరొకరి చేతిలో ఉండిపోయాయి. 1871లో మద్రాసు వైద్యశాఖకు అధిపతియైన బాల్ఫర్, ఆచారాల కారణంగా దేశీయ స్త్రీలకు ఆసుపత్రిలోగాని ఇంటిలోగాని వైద్యం అందడం లేదనీ, స్త్రీలకే వైద్యవిద్య నేర్పాలనీ 1872లో ప్రభుత్వానికి వ్రాశారు. ఫలితంగా 1875లో మద్రాసు వైద్య కళాశాల స్త్రీలకు ద్వారాలు తెరిచింది.

ఆ ఏడు చేరిన నలుగురిలో మేరీ షార్లీబ్ ఒకరు. ఆమె అంతకు ముందే మద్రాసు ప్రసూతి ఆసుపత్రిలో మంత్రసాని విద్య నేర్చుకున్నారు. తర్వాత లండనులో పై చదువు ముగించి 1883లో మద్రాసుకు తిరిగి వచ్చి, తాము చదివిన కళాశాలలోనే ప్రసూతిశాస్త్ర బోధకురాలయ్యారు. 1885లో గోషా స్త్రీల కోసం ఆసుపత్రి నెలకొల్పారు. తిరువళ్లిక్కేణిలోని ఆ ఆసుపత్రిని జనం నేటికీ గోషా ఆసుపత్రి అనే పిలుస్తారు. ఒక శిష్యురాలు ఆచార్యురాలైతే ఎంత మేలు కలుగుతుందో ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

బాల్ఫర్ పరాయి ప్రభుత్వపు ఉద్యోగి అన్న మాట మేము మరువలేదు. ఆ తొలి నలుగురిలో గోషా ఇంటి ఆడపిల్ల ఒక్కరైనా లేరన్నదీ నిజమే. వారు తలుపు తీశారు. లోనికి నడవవలసినది మనవారు. 1876లో ఉద్యోగం విరమించిన బాల్ఫర్ 1889 డిసెంబరు 8న లండనులో కన్నుమూశారు. వైద్యవిద్య చదివే స్త్రీలను ప్రోత్సహించుటకు 1891లో మద్రాసు విశ్వవిద్యాలయంలో వారి పేర బంగారు పతకం ఏర్పడింది.

2018లో భారత ప్రభుత్వం ప్రసూతి సేవలకు కొత్త మార్గదర్శకాలు ప్రకటించి, నర్సులకు 18 నెలల ప్రత్యేక శిక్షణ నిర్ణయించింది. వారికి బోధించే ఉపాధ్యాయినులను ముందుగా తీర్చిదిద్దాలని సంకల్పించింది. ప్రశ్న పాతదే. అమ్మ భాష తెలిసి, శాస్త్రం తెలిసి, గడప లోపలికి వెళ్లగలిగిన బోధకురాలు కావాలి. తెలుగూ ఉర్దూ రెండూ వచ్చిన మా విద్యార్థినులకు ఈ అర్హతలో సగం పుట్టుకతోనే లభించింది. మిగిలిన సగం చదువుతో సంపాదించుకోవలసి ఉన్నది. వారి తల్లిదండ్రులూ, కళాశాల పెద్దలూ అందుకు చేయూతనిస్తే, ఆనాడు తెరిచిన తలుపు సార్థకమవుతుంది.