రాతికత్తుల అన్వేషకుడు: రాబర్ట్ బ్రూస్ ఫుట్

పాతకాలపు కత్తులను సేకరించి వాటి తొలిరూపాన్ని గుర్తించడం కొందరికి ప్రియమైన వ్యాసంగం. లోహమెరుగని నాటి కత్తులను, అనగా రాతి పనిముట్లను, దక్షిణ భారతమంతటా వెదకిన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. 1834లో ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో జన్మించిన ఆయన 1858లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖలో చేరాడు.

మానవుడు అతిప్రాచీనుడని రాతి పనిముట్ల సాక్ష్యంతో ఐరోపా పండితులు 1859లో అంగీకరించారు. ఆ వార్త ఫుట్‌ను మేల్కొలిపింది. 1863 మే 30న మద్రాసు చెంత పల్లావరం కంకర గోతిలో ఒక రాయి ఆయన కంటబడింది. అది కోయడానికీ చీల్చడానికీ పనికివచ్చే చేతిగొడ్డలి. పాతరాతియుగపు పనిముట్టును మన దేశంలో గుర్తించడం అదే మొదలు. ఆ ఏడే సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి అత్తిరంపాక్కంలో మరికొన్ని కనుగొన్నాడు. అచ్చటి పనిముట్లు సుమారు 15 లక్షల సంవత్సరాలనాటివని 2011లో తేలింది.

రాయికీ పనిముట్టుకూ భేదమెట్లు తెలియును? మనిషి కొట్టగా ఊడిన పెచ్చుపై, దెబ్బ తగిలినచోట చిన్న ఉబ్బు మిగులుతుంది. అంచు వెంబడి దెబ్బల జాడలు ఒక క్రమంలో ఉంటాయి. వాగులో దొర్లి పగిలిన రాతికి ఆ క్రమం ఉండదు. పాత పగులుపై కాలం ఒక పొరను కప్పుతుంది. నాగలి తగిలి నిన్న విరిగిన అంచు వేరుగా కనిపిస్తుంది. వేలకొలది రాళ్ళను చేత పట్టి చూచినవానికే ఈ వివేకం అలవడుతుంది.

ఫుట్ రచించిన బళ్ళారి జిల్లా భూగర్భ వివరణ 1895లో వెలువడింది. ఎమ్మిగనూరుతో కూడిన ఆదోని తాలూకా నాడు ఆ జిల్లాలోనిదే; 1953లో ఆంధ్రరాష్ట్రంలో చేరింది. బళ్ళారి చెంత సంగనకల్లు, కప్పగల్లు కొండలపై కొత్తరాతియుగపు గొడ్డళ్ళ పనిచోటును ఆయన గమనించాడు. సగం చెక్కిన నల్లరాయీ, నునుపు తేల్చిన గొడ్డలీ అక్కడ లభించాయి. తయారీ క్రమం తెలియడానికి పూర్తయిన వస్తువుకంటె సగంలో విడిచినదే ఎక్కువ మేలు! కర్నూలు సీమలోని బిల్లసర్గం గుహలలో తవ్వకాలు ప్రారంభించగా కుమారుడు హెన్రీ వాటిని కొనసాగించాడు.

పాత, కొత్త రాతియుగాల నడుమ దీర్ఘకాలం శూన్యమని ఆయన తలచాడు. ఈ అభిప్రాయం నిలువలేదు. సూక్ష్మ శిలాపరికరాలు ఆ నడిమి కాలాన్ని నింపాయి.

1904లో ఆయన సేకరణ చెదరకుండా మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి చేరింది. 1912లో ఫుట్ కలకత్తాలో మరణించాడు. ఆయన సిద్ధపరచిన పట్టిక 1914లో, దాని వివరణ 1916లో వెలువడ్డాయి. ఏ పనిముట్టు ఏ ఊరి నేలపై దొరికిందో అందులో నేటికీ చూడవచ్చు.