మైకేల్ ఫారడే

మైకేల్ ఫారడే 1791 సెప్టెంబరు 22న లండను సమీపంలో ఒక పేద కమ్మరి ఇంట జన్మించాడు. తండ్రి రోగపీడితుడు కావడంతో ఇంట్లో తిండికే కటకటగా ఉండేది. చదవడం, వ్రాయడం, కొద్దిపాటి లెక్కలు దాటి బడిచదువు సాగలేదు. 14వ యేట పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణంలో పనికి కుదిరి, అక్కడికి వచ్చిన గ్రంథాలను కుట్టడమే గాక చదివాడు. 1812లో సర్ హంఫ్రీ డేవీ రసాయనశాస్త్ర ప్రసంగాలను విని, శ్రద్ధగా వ్రాసుకొని, అందంగా అట్ట కట్టి ఆయనకే పంపాడు. పొట్టకూటికి నేర్చిన విద్యయే ఆ విధంగా సిఫారసు అయింది. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో డేవీకి సహాయకుడయ్యాడు.

ఆ గురుశిష్య బంధం చివరిదాకా ఒకే తీరుగా నిలువలేదు. 1823లో ఫారడే క్లోరిన్‌ను, తరువాత కార్బన్ డయాక్సైడ్‌ను, అంటే తెలుగువారు బొగ్గుపులుసు వాయువని పిలిచినదానిని, మూసిన గాజునాళంలో ఒత్తిడికి గురిచేసి ద్రవంగా మార్చాడు. ఒకసారి నాళం పేలి గాజుముక్కలు కంటిలో గుచ్చుకున్నాయి. ఇంత సాహసించిన శిష్యుని పేరు రాయల్ సొసైటీ సభ్యత్వానికి వచ్చినప్పుడు, అధ్యక్షుడైన డేవీయే అడ్డుచెప్పాడు. అయినా 1824లో ఫారడే ఎన్నికయ్యాడు.

ద్రావణం గుండా ప్రవహించిన విద్యుత్తు ఎంతో, ధ్రువాల వద్ద వెలువడే పదార్థం అంతకు తగినంతే ఉంటుందని ఆయన 1833-34లో నిరూపించాడు. కొత్త భావాలకు పాతమాటలు చాలవని గ్రహించి, గ్రీకు తెలిసిన పండితులను సంప్రదించి ఎలక్ట్రోలైట్, ఎలక్ట్రోడు, అయాను అనే పదాలను లోకానికిచ్చాడు. ఎలక్ట్రోలైటే మన విద్యుద్విశ్లేష్యం.

1860 క్రిస్మస్ సెలవులలో బాలబాలికల ముందు కొవ్వొత్తి వెలిగించి, దాని మంట నుండి, మన ఊపిరి నుండి వెలువడేది ఒకే బొగ్గుపులుసు వాయువని చూపాడు. 1867 ఆగస్టు 25న కన్నుమూశాడు.

నేడు కోకాపేట ఆకాశహర్మ్యాల చెంత డీజిల్ జనరేటర్ల పొగలోనూ ఉన్నది ఆ వాయువే. భూతాపాన్ని పెంచే ఆ వాయువును విద్యుత్తుతో ఇథిలీను వంటి ఉపయుక్త పదార్థాలుగా మార్చే పరిశోధనలు ప్రపంచమంతటా సాగుతున్నాయి. చిక్కేమంటే, పంపిన విద్యుత్తులో కొంత భాగం నీటినే విడగొట్టి హైడ్రోజన్‌ను పుట్టిస్తుంది. విద్యుద్విశ్లేష్యంలో సీసియం లవణం వంటి పదార్థాలను కలిపితే, తగిన పరిస్థితులలో ఆ వృథా తగ్గుతుంది. ఒక్క ఇథిలీను అణువుకు 12 ఎలక్ట్రానులు కావలెను. పంపిన ప్రతి 100 ఎలక్ట్రానులలో కోరిన పదార్థానికి ఎన్ని చేరాయో తెలిపే లెక్కకు ఫారడే సామర్థ్యమని పేరు.