జగదీశచంద్ర బోసుగారును అత్తిపత్తియును

చేనిగట్టున మొలచు అత్తిపత్తిని తాకి, దాని యాకులు ముడుచుకొనుట చూచి ముచ్చటపడని వారు మా పాఠకులలో నుండరు. ఆ ముడుతను జీవితకాలపు విచారణగా జేసికొనినవారు జగదీశచంద్ర బోసుగారు.

వీరు 1858 నవంబరు 30వ తేదీన వంగదేశమున జన్మించిరి. తండ్రి భగవాన్ చంద్ర ప్రభుత్వోద్యోగి యయ్యును కుమారుని మొదట వంగభాషా పాఠశాలకే పంపెను. ఇంగ్లండులో చదివి వచ్చి 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిరి. దొరల జీతములో మూడింట రెండు వంతులే భారతీయునకు చెల్లునట. తాత్కాలికోద్యోగమని అందును సగము కోత! బోసుగారు పాఠములు మానలేదు, జీతమును ముట్టలేదు. మూడేండ్లు గడచిన పిమ్మట ప్రభుత్వమువారే దిగివచ్చి పూర్తి జీతమును వెనుకటి కాలమునకు గూడ చెల్లించిరి. సత్యాగ్రహమను మాట పుట్టక పూర్వపు సంగతి యిది.

1901లో లండను రాయల్ సొసైటీ యెదుట వీరు తమ విద్యుత్స్పందన ప్రయోగములను ప్రదర్శింపగా, సాధారణ వృక్షములకు అట్టి స్పందన మెక్కడిదని శరీరశాస్త్ర పండితులు ఆక్షేపించిరి. వ్యాసము అచ్చుపడక మూలబడెను. ఆ సభయే 1920లో వీరిని సభ్యునిగా నెన్నుకొనెను.

ఫరీదుపురమున నొక ఖర్జూరవృక్షము సాయంకాలము తల వంచి ఉదయమున లేచుచుండగా జనులు దైవమహిమ యని మ్రొక్కిరి. బోసుగారు దానికి యంత్రము కట్టి, ఉష్ణముయొక్క హెచ్చుతగ్గులే కారణమని తేల్చిరి. 1917లో తమ పుట్టినరోజుననే కలకత్తాలో పరిశోధనాలయమును స్థాపించిరి.

ఆకు తొడిమ మొదటనుండు చిన్న యుబ్బే యీ చలనములకు కీలు. అందలి కణములనుండి లవణములు వెలికి పోగా నీరును వాని వెంట పోవును. కణములు సడలి ఆకు వ్రాలును. ఈ వార్తను మోయువానిలో సున్నపు ధాతువైన ఖటిక మొకటి. 2022లో జపాను శాస్త్రజ్ఞులు ఖటికము హెచ్చినచోట వెలుగునట్లు అత్తిపత్తిని మార్చి చూడగా, విద్యుత్తుతోబాటు ఖటికపు తరంగమును ఆకు వెంబడి పరువెత్తెను. అది చేరిన వెంటనే ఆకులు ముడుచుకొనెను. ముడువలేని యాకులను మిడుతలు ఎక్కువగా తినెను. మన వీధులలోని నిద్రగన్నేరు వెలుతురు ననుసరించి ఆకులు విప్పి ముడుచుటలోను ఖటికమునకు పాలు గలదని పరిశోధకులు కనుగొనిరి.

స్వదేశీయుడని బోసుగారి పొరపాటులను కప్పిపుచ్చుట మాకు సమ్మతము గాదు. వృక్షములలో రసము పైకెక్కుట కణముల స్పందనచే ననిన వారి వాదము నిలువలేదు. విద్యుద్వార్తను గూర్చిన మాట మాత్రము నిలిచెను. వారు 1937 నవంబరు 23వ తేదీన గిరిడీలో పరమపదించిరి.