వీధులన్నీ నడిచి చూసిన ప్రొఫెసర్

పోయిన సెమిస్టర్‌లో మా బ్యాచ్ నలుగురం మినీ ప్రాజెక్ట్‌కి ఒక టాపిక్ తీసుకున్నాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ రోడ్ల మ్యాప్ డేటా తీసుకుని, ఏ వీధి వెడల్పు చేస్తే ట్రాఫిక్ ఎంత తగ్గుతుందో లెక్క కట్టే ప్రోగ్రామ్ రాయాలి. మేం నలుగురం ఆ మూడు ఊళ్ల వాళ్లమే, అందుకే ఆ ఊళ్లు. కోడ్ బాగానే రన్ అయింది. వెడల్పు చేయాల్సిన వీధులు స్క్రీన్ మీద ఎర్రగా కనిపిస్తాయి. సూర్యాపేటలో అలా ఎర్రగా వచ్చినవాటిలో మా అమ్మమ్మ వాళ్ల వీధి ఒకటి.

ఆ వీధిలో సగం ఇళ్లకి ఇంకా అరుగులున్నాయి. సాయంత్రం అయిందంటే అమ్మమ్మ అరుగు మీదే ఉంటుంది. కూరగాయల బండి ఆగేదీ అక్కడే, పక్కింటావిడ మిరపకాయలు ఎండబెట్టేదీ అక్కడే. మా ప్రోగ్రామ్‌కి మాత్రం అది రోడ్డుకి అడ్డంగా ఉన్న నాలుగడుగుల స్థలం, అంతే.

ఈ మాట మా గైడ్ సార్‌తో అన్నాను. ఆయన కోడ్ గురించి ఏమీ అనలేదు. పాట్రిక్ గెడ్డెస్ అని ఒకాయన ఉన్నాడు, చదువు అన్నారు. నేను విననే లేదు ఆ పేరు. చదివాక ఈయన గురించి మన మ్యాగజైన్‌లో రాయాలనిపించింది. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీష్ మీడియం కాబట్టి తెలుగులో ఇంత పొడుగు రాయడం నాకిదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకుపోండి.

గెడ్డెస్ స్కాట్లండ్‌లోని బాలటర్ అనే చిన్న ఊళ్లో 1854 అక్టోబర్ 2న పుట్టారు. అవును, గాంధీగారి పుట్టినరోజే, కాకపోతే పదిహేనేళ్లు ముందు. తండ్రి సైన్యంలో పనిచేసిన మనిషి. పెరిగింది పెర్త్ పట్టణం పక్కన, కొండ మీద ఒక చిన్న ఇంట్లో. తోటపని తండ్రి దగ్గరే నేర్చుకున్నారు. స్కూలయ్యాక కొన్నాళ్లు బ్యాంకులో పనిచేశారు. అది నచ్చక వృక్షశాస్త్రం చదువుదామని ఎడింబరా యూనివర్సిటీలో చేరి, ఒక్క వారానికే బయటికొచ్చేశారు. తర్వాత లండన్ వెళ్లి, డార్విన్ పక్షాన వాదించి పేరు తెచ్చుకున్న హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం నేర్చుకున్నారు. పరీక్షలంటే ఆయనకి మొదటి నుంచీ పడదు. జీవితంలో ఒక్క డిగ్రీ కూడా పూర్తి చేయలేదు. సెమిస్టర్ పరీక్షల ముందు ఇది చదివి ఎవరూ ఆవేశపడకండి, ఆ కాలం వేరు.

1879లో మొక్కలు, శిలాజాలు సేకరించడానికి మెక్సికో వెళ్లారు. అక్కడ కళ్లు దెబ్బతిన్నాయి. వారాల తరబడి కళ్లకి గంతలు కట్టుకుని చీకటి గదిలో ఉండాల్సి వచ్చింది. చూపు మళ్లీ వస్తుందో రాదో తెలీదు. ఆ గదిలో కిటికీ చట్రాన్ని వేళ్లతో తడుముతూ, ఆ గళ్లలో ఒక్కో ఆలోచనను పెట్టుకుంటూ, ఏ గడికి ఏ గడితో సంబంధం అని మనసులోనే లెక్కలు వేసుకునేవారట. తర్వాత జీవితమంతా కాగితాన్ని గళ్లుగా మడిచి ఆలోచించడం ఆయనకి అలవాటైపోయింది. మనం టేబుల్ గీసుకుని రోలూ కాలమూ కలిపి చూసినట్టే. చూపు తిరిగొచ్చింది కానీ, గంటల కొద్దీ మైక్రోస్కోప్‌లో చూసే ఓపిక ఆ కళ్లకి లేకుండా పోయింది. కణాలను చూడాల్సిన మనిషి మెల్లగా ఊళ్లవైపు తిరిగారు.

1886లో అన్నా మోర్టన్‌ని పెళ్లి చేసుకున్నారు. ఆమె సంగీతం తెలిసిన మనిషి. పెళ్లయిన కొత్తలోనే ఇద్దరూ ఎడింబరాలో మంచి పేట వదిలేసి పాత నగరంలోని జేమ్స్ కోర్ట్ అనే చోటికి మారారు. అప్పట్లో అది మురికివాడ. ఎత్తైన పాత భవనాలు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం. అక్కడ వీళ్లు ఉపన్యాసాలు ఇవ్వలేదు. ముందు తాముండే చోటు శుభ్రం చేసుకున్నారు, సున్నం వేశారు, కిటికీల్లో పూలకుండీలు పెట్టారు. చుట్టుపక్కల వాళ్లు చూసి ఒక్కొక్కరే కలిశారు. బాగా శిథిలమైన భాగాన్ని మాత్రం తీసేసి, అక్కడికి గాలీ వెలుతురూ వచ్చేలా చేసి, మిగతాదంతా బాగుచేసి నిలబెట్టారు. కాలేజీ పిల్లలు తమంతట తాము నడుపుకునే హాస్టల్ కూడా అక్కడే పెట్టారు.

1888లో డండీలోని యూనివర్సిటీ కాలేజీలో వృక్షశాస్త్రం ప్రొఫెసర్ అయ్యారు. ఏడాదిలో వేసవి టర్మ్ మాత్రమే పాఠాలు, మిగతా కాలం ఆయనదే. ఆ ఖాళీ కాలంలోనే ఊళ్ల గురించి చదివారు. ఎడింబరాలో ఒక పాత భవనాన్ని తీసుకుని ఔట్‌లుక్ టవర్ అని పేరు పెట్టారు. పైన నగరమంతా కనిపించే కెమెరా, దాని కింద అంతస్తుల్లో వరుసగా నగరం, దేశం, యూరప్, ప్రపంచం గురించిన ప్రదర్శనలు. ముందు నీ ఊరిని చూడు, తర్వాత లోకాన్ని చూడు అన్నది ఆయన పాఠం. ఒక ఊరిని అర్థం చేసుకోవాలంటే అక్కడి నేల, అక్కడి పని, అక్కడి జనం మూడింటినీ కలిపి చూడాలనేవారు. 1915లో వచ్చిన పుస్తకంలో, ఊళ్లు పెరిగి ఒకదానితో ఒకటి కలిసిపోవడానికి కొత్త పేరు కూడా పెట్టారు. ఈరోజు ప్లానింగ్ పుస్తకాల్లో కనిపించే కనర్బేషన్ అనే మాట ఆయన పుట్టించిందే.

ఇక మన దేశానికి వద్దాం. 1914లో మద్రాస్ గవర్నర్ లార్డ్ పెంట్‌లాండ్ ఆయన్ని పిలిచారు. అప్పటికి గెడ్డెస్‌కి అరవై ఏళ్లు. ఏళ్లపాటు పోగుచేసిన మ్యాపులు, చిత్రాలు, ప్లాన్లతో ఆయన తయారుచేసిన నగరాల ప్రదర్శనను క్లాన్ గ్రాంట్ అనే ఓడలో పంపారు. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే మొదలైంది. మద్రాసు మీద గుండ్లు కురిపించిన ఎమ్డెన్ అనే జర్మన్ ఓడే దాన్నీ ముంచేసింది. బ్యాకప్ లేని డేటా పోతే మనకెలా ఉంటుందో ఊహించుకోండి. ఆయన మాత్రం కూలబడలేదు. ఇంగ్లండ్‌లోని మిత్రులు దొరికినవన్నీ మళ్లీ పోగుచేసి పంపితే, 1915 జనవరిలో మద్రాసులో ప్రదర్శన పెట్టేశారు.

ఆ తర్వాత దాదాపు పదేళ్లు ఇక్కడే ఎక్కువగా గడిపారు. తంజావూరు, మదురై, బరోడా, లక్నో, లాహోర్, ఢాకా, ఇలా యాభై వరకూ ఊళ్ల మీద నివేదికలు రాశారు. పద్ధతి ఒకటే, నడవడం. ఎండలో, చేతిలో మ్యాప్‌తో, సందు సందూ తిరిగేవారు. అప్పటి ఇంజినీర్ల పద్ధతి వేరే. కిక్కిరిసిన పేట కనిపిస్తే మ్యాప్ మీద స్కేలు పెట్టి నిటారుగా గీత గీయడం, ఆ గీత కింద ఉన్న ఇళ్లన్నీ కూల్చడం. గెడ్డెస్ అడిగింది చాలా మామూలు ప్రశ్న. ఆ ఇళ్లలో వాళ్లు ఎక్కడికి పోతారు? పక్క సందులోకి. అంటే అక్కడ ఇరుకు ఇంకా పెరుగుతుంది. రోగం తగ్గించడానికి చేసిన పని రోగాన్ని పక్క వీధికి పంపిస్తుంది. డబ్బూ పోతుంది, పేదవాడి గూడూ పోతుంది.

ఆయన పద్ధతిలో ముందు ఏ ఇల్లు నిజంగా పడిపోయేలా ఉందో చూడాలి. దాన్ని మాత్రం తీయాలి. ఆ ఖాళీలో చెట్టు నాటాలి, పిల్లలు ఆడుకునే చిన్న చదును చేయాలి. బావి గట్టు బాగుచేయాలి. సందు వంపు తిరిగినా పర్వాలేదు. దీన్ని ఆయన తక్కువ కోతతో చేసే ఆపరేషన్‌గా చెప్పేవారు. మన భాషలో చెప్పాలంటే, పాత కోడ్ అంతా డిలీట్ చేసి కొత్తగా రాయకుండా, చదివి, అర్థం చేసుకుని, చెడిన ఫంక్షన్ మాత్రమే మార్చడం. దీనికయ్యే ఖర్చు కూల్చివేత ఖర్చులో చిన్న భాగమేనని లెక్కలు వేసి మరీ చూపించారు.

చెరువుల విషయంలోనూ అంతే. దోమలు పుడుతున్నాయి, మలేరియా వస్తుంది అని ఊరి చెరువులు పూడ్చే ఆలోచన అప్పట్లో మున్సిపాలిటీల్లో ఉండేది. జీవశాస్త్రం తెలిసిన ఈయన, చేపల్ని వదలండి, బాతుల్ని పెంచండి, అవే దోమ పిల్లల్ని తింటాయి అని వాదించారు. చెరువు ఊరికి చల్లదనం, అందం, వాననీటికి దారి అని చెప్పారు. సూర్యాపేట సద్దుల చెరువు గట్టు మీద ఇది చదువుతుంటే, వందేళ్ల కింద రాసినట్టు అనిపించలేదు.

1917 ఆయనకి చాలా చెడ్డ సంవత్సరం. మొదటిసారి ఇండియా వచ్చినప్పుడు వెంట వచ్చిన పెద్దకొడుకు అలస్డేర్, ఏప్రిల్‌లో ఫ్రాన్స్ యుద్ధభూమిలో చనిపోయాడు. కబురు వచ్చేసరికి అన్నా ఇక్కడే జ్వరంతో మంచం మీద ఉన్నారు. ఆమె తట్టుకోలేదని గెడ్డెస్ ఆ మాట దాచారు. కొన్ని వారాలకే ఆమె కూడా పోయారు, కొడుకు లేడని తెలీకుండానే. ఇక్కడ నేను చదవడం ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను. ఆయన ఆ బాధని పనిలో ఎలా పెట్టారో నాకు అర్థం కాదు, కానీ పెట్టారు.

అదే కాలంలో ఇండోర్ సంస్థానం ఆయన్ని పిలిచింది. ఊళ్లో ప్లేగు. జనానికి అధికారులంటే భయం, వీళ్లు ఇళ్లు కూలుస్తారని. గెడ్డెస్ మహారాజుని ఒక్కరోజు రాజ్యం అడిగారు. దీపావళికి పెద్ద ఊరేగింపు పెడతాను, అది పాత దారిలో పోదు, ఏ వీధులు బాగా శుభ్రం చేసుకుంటాయో ఆ వీధుల గుండా పోతుంది అని ప్రకటించారు. ఊరంతా చీపుర్లు పట్టింది. ఊరేగింపులో మురికి రాక్షసుడి బొమ్మ, ప్లేగుని తెచ్చే పెద్ద ఎలుక బొమ్మ, వాటి వెనక కొత్త ఇళ్ల నమూనాలు. తెల్లబట్టలు కట్టి, పూలదండలు వేసుకుని పారిశుద్ధ్య కార్మికులు అందరి మధ్యలో నడిచారు. చివర్లో రాక్షసుడినీ ఎలుకనీ తగలబెట్టారు. జనానికి పంచడానికి తులసి మొక్కలు కూడా ఉన్నాయట. ఇండోర్ నివేదిక 1918లో రెండు సంపుటాలుగా అచ్చయింది.

1919లో బొంబాయి యూనివర్సిటీలో సామాజిక శాస్త్రం, పౌరశాస్త్రం విభాగానికి మొదటి ప్రొఫెసర్‌గా చేరి 1924 వరకూ పనిచేశారు. మన దేశంలో సోషియాలజీ చదువుకి అది తొలి మెట్టు. జగదీశ్ చంద్రబోస్ జీవితకథ రాశారు, టాగోర్‌తో స్నేహం చేశారు. మన హైదరాబాద్‌కీ వచ్చారు. ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైనా సొంత క్యాంపస్ లేదు. ఎక్కడ కట్టాలో స్థలాలు చూసి చెప్పమంటే, ఆయన తిరిగి చూసి 1923లో నివేదిక ఇచ్చారు. తర్వాత జాస్పర్ అనే ఆర్కిటెక్ట్ భవనాల ప్లాన్లు గీశాడు. 1934లో శంకుస్థాపన, 1939లో ఆర్ట్స్ కాలేజీ ప్రారంభం. మనం ఫెస్ట్‌లకి వెళ్లి ఫోటోలు దిగే ఆ మెట్ల వెనక ఈయన నడక కూడా కొంత ఉందన్నమాట.

గెడ్డెస్‌ని దేవుణ్ణి చేసి చెప్పడం నాకిష్టం లేదు. ఆయన రాత చాలా గజిబిజిగా ఉంటుంది. నివేదికల్లో చాలా భాగం అమలు కాలేదు. జనం పక్షాన మాట్లాడినా, ఆయన్ని పిలిచిందీ డబ్బు ఇచ్చిందీ రాజులూ బ్రిటిష్ అధికారులే. జెరూసలేంలో హీబ్రూ యూనివర్సిటీకి ప్లాన్ వేశారు, 1925లో టెల్ అవీవ్‌కి వేశారు. ఆ నేల ఎవరిదన్న గొడవ ఈరోజుకీ తెగలేదు. ఊరి మ్యాప్ మీద గీత గీసే హక్కు ఎవరిది అన్న ప్రశ్న ఆయన్నీ అడగాల్సిందే.

1924లో ఆరోగ్యం బాగాలేక ఫ్రాన్స్‌లోని మాంట్‌పెల్లియే వెళ్లి, రాళ్ల కొండ మీద విద్యార్థుల కోసం ఒక కాలేజీ కట్టడం మొదలుపెట్టారు. 1932 మొదట్లో సర్ బిరుదు ఇచ్చారు. ఆ ఏప్రిల్ 17న అక్కడే కన్నుమూశారు. చనిపోయిన పదిహేనేళ్లకి, 1947లో, జాక్వెలిన్ టిర్‌విట్ అనే ఆవిడ ఆయన ఇండియా నివేదికల్లోంచి ఏరి చిన్న పుస్తకం వేశారు. సార్ నాకు ఇచ్చింది అదే.

సంక్రాంతి సెలవుల్లో నోట్‌బుక్ పట్టుకుని అమ్మమ్మ వీధి ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిచాను. ట్రాఫిక్ ఆగేది అరుగుల దగ్గర కాదు. మలుపులో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, దాని పక్కన పాడుబడిన గోడ, దాని ముందు ఎప్పుడూ ఆగి ఉండే సరుకుల ఆటోలు. ఆ ఒక్కచోట బాగుచేస్తే వీధంతా కదులుతుంది. ఇవేవీ మా డేటాలో లేవు. రివ్యూలో ఈ సంగతి చెప్తే, ఒక్క వీధి చూసి ఎలా అంటావు, మిగతావి కూడా నడిచావా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మార్కులు మామూలుగానే వచ్చాయి.

ఇప్పుడు మా నలుగురం ఊళ్లు పంచుకున్నాం. కోదాడ ఇద్దరికి, మిర్యాలగూడ ఒకరికి, సూర్యాపేట నాకు. ఎర్రగా వచ్చిన వీధులు మొత్తం నలభై మూడు. ఇప్పటికి పదకొండు నడిచాం. ఆ ఊళ్ల వాళ్లెవరైనా ఉంటే, ఆదివారం పొద్దున మాతో రండి.