జాన్ న్యూటను చరిత్రము

జాన్ న్యూటను 1725వ సంవత్సరమున లండను నగరమున జన్మించి, నావికుడై బానిసల వర్తకమున బ్రవేశించెను. 1748లో అట్లాంటికు మహాసముద్రమున తుపాను చెలరేగి యోడ మునుగునట్లుండగా నతడు దైవమును శరణు వేడెను. ఓడ దరిజేరెను, భక్తియు గుదిరెను. అయినను 1750 మొదలు 1754 వఱకు నతడే బానిసల యోడలకు నాయకుడై, పైని ప్రార్థనలు జరుపుచు క్రింద మనుష్యులను సంకెలలలో నుంచెను. ఆ వృత్తిని మాన్పించినది వ్యాధియే కాని పశ్చాత్తాపము కాదు. 1764లో మతగురువయ్యెను. 1788లో నా వర్తకపు ఘోరములను, తన పాపమును సిగ్గుతో వెల్లడించుచు నొక చిన్న గ్రంథమును బ్రకటించెను. 1807లో ఆంగ్ల పార్లమెంటు ఆ వర్తకమును నిషేధించెను. ఆ సంవత్సరముననే యతడు మృతినొందెను.

భక్తి యొక్క రాత్రిలో గలిగినను, వృత్తియందలి పాపమును జూచి లోకమునకు జెప్పుటకు నలువది యేండ్లు పట్టెను. మనుష్య స్వభావ మట్టిది: తనకు గూడుపెట్టు నన్యాయము తన కన్యాయముగ దోపదు. కావున ప్రార్థనానంతరము లెక్కపుస్తకమును గూడ విప్పి చూచుకొనుటయే నిత్యభక్తి యని మేము తలంచుచున్నాము.