డిగ్రీ లేదన్నారు.. చిత్తడి నేలను కాపాడారు

నోటిఫికేషన్ చూసి, అర్హతల దగ్గరే ఆగిపోయిన అనుభవం మీకూ ఉండే ఉంటుంది. సలీం అలీకి అచ్చంగా అదే జరిగింది. పక్షి శాస్త్రవేత్తగా దేశమంతా ఎరిగిన ఆయనకు యూనివర్సిటీ డిగ్రీ లేదు. ఆ కారణంగానే జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పోస్టు చేజారింది.

1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. కాలేజీ మధ్యలో వదిలేసి బర్మాలో కుటుంబ వ్యాపారం చూసుకున్నారు. అదీ కలిసిరాలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. బెర్లిన్ వెళ్లి పక్షిశాస్త్రంలో శిక్షణ పొంది 1930లో తిరిగొచ్చేసరికి, నిధుల్లేక ఆ పోస్టే ఎత్తేశారు!

మీరైతే ఏం చేసేవారు? ఆయన సంస్థానాల ముందు ఓ ప్రతిపాదన పెట్టారు. జీతం అక్కర్లేదు, క్యాంపు ఖర్చులు భరిస్తే చాలు, మీ రాజ్యంలోని పక్షులన్నిటినీ సర్వే చేసిపెడతానన్నారు. ముందుగా ఒప్పుకొన్నది మన హైదరాబాద్ సంస్థానమే. 1931లో పని మొదలైంది. (జీతం లేకుండా చేరిపొమ్మని మీకు చెప్పట్లేదు. ఆయనకు కుటుంబం ఆసరా, భార్య తెహ్మీనా తోడు ఉన్నాయి. అందరికీ ఉండవు కదా.)

ఇక భరత్‌పూర్ సంగతి. రాజస్థాన్‌లోని ఈ పల్లపు నేలకు అజాన్ బండ్ నుంచి నీళ్లు వదిలి, రాజులు బాతుల వేట సాగించేవాళ్లు. 1938 నవంబరు 12న, అంటే సలీం అలీ పుట్టినరోజునే, వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షుల్ని కాల్చింది. స్వాతంత్య్రం వచ్చాక ఇంకో ముప్పు. నీళ్లు ఆపేసి ఆ నేలను సాగుకు ఇవ్వాలన్న ఒత్తిడి పెరిగింది. సలీం అలీ విషయాన్ని నెహ్రూ దాకా తీసుకెళ్లారు. చిత్తడి నేల నిలిచింది. 1956లో పక్షుల సంరక్షణ కేంద్రమైంది. 1981లో చిలికాతో పాటు దేశంలోని తొలి రామ్‌సర్ ప్రాంతాల జాబితాలో చేరింది.

కథ ఇక్కడే ఆపేస్తే బాగుండేది, కానీ నిజం అక్కడితో ఆగదు. 1982లో నేషనల్ పార్కులో పశువుల మేతను నిషేధించారు. సలీం అలీ కూడా దాన్ని సమర్థించారు. తరతరాలుగా గేదెల్ని మేపుకుంటున్న చుట్టుపక్కల ఊళ్ల జనం తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో కొందరు చనిపోయారు.

ఆయన జీవితమంతా పెనవేసుకున్న బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీయే 1980 నుంచి పదేళ్లపాటు అక్కడ అధ్యయనం చేసింది. గేదెలు రాకపోయేసరికి గడ్డి నీళ్లలోకి అల్లుకుపోయింది, బాతులు ఈదే తేట నీరు తగ్గింది. ఆ నేలకు గేదెలూ కావాలని తేలింది. మీలో పర్యావరణ ఉద్యోగాల వైపు చూసేవాళ్లు గమనించాల్సింది ఇదే: అక్కడ పక్షుల్ని గుర్తుపట్టేవాళ్లు ఒక్కరే సరిపోలేదు, నీటి లెక్కలు తెలిసినవాళ్లూ, ఊరివాళ్లతో కూర్చుని మాట్లాడగలిగేవాళ్లూ కావాల్సొచ్చింది.

ఆ అధ్యయనం పూర్తయ్యే నాటికి సలీం అలీ లేరు. 1987 జూన్ 20న తొంభయ్యో ఏట కన్నుమూశారు.