అయ్యగారి సాంబశివరావు

అయ్యగారి సాంబశివరావు (సెప్టెంబరు 20, 1914 - అక్టోబరు 31, 2003) భారతీయ ఎలక్ట్రానిక్స్ శాస్త్రవేత్త, హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఈసీఐఎల్) వ్యవస్థాపకుడు. ఎ.ఎస్.రావుగా సుప్రసిద్ధుడు. రియాక్టర్ల నియంత్రణ పరికరాలు మొదలుకొని పల్లెల్లో ఉపగ్రహ ప్రసారాలను అందుకొన్న టెలివిజన్ల వరకు ఈయన సంస్థలో తయారయ్యాయి.

విద్య, పరిశోధన

సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించాడు. అల్లూరి సీతారామరాజు పూర్వీకులదీ ఇదే గ్రామం. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ పూర్తిచేసి అక్కడే కొంతకాలం బోధించాడు. తరువాత టాటా ఉపకార వేతనంతో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి, తిరిగివచ్చి హోమీ భాభా బృందంలో చేరాడు.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో దేశపు తొలి అణు రియాక్టరు అప్సర పనిచేయడం మొదలుపెట్టింది. దానికి ఇంధనం బ్రిటన్ నుండి వచ్చింది. నియంత్రణ వ్యవస్థను మాత్రం రావు నాయకత్వంలోని ఎలక్ట్రానిక్స్ విభాగమే రూపొందించింది. న్యూట్రాన్ల సంఖ్యను క్షణక్షణం కొలుస్తూ, అది హద్దు మీరితే మనిషి చేయి కదిలేలోపే కడ్డీలను దింపి చర్యను ఆపివేయడం ఇటువంటి వ్యవస్థ పని. ఇక్కడ పొరపాటుకు తావు లేదు. ఆ రోజుల్లో విడిభాగాలు బజారులో దొరికేవి కావు.

ఈసీఐఎల్ స్థాపన

1962 యుద్ధానంతరం దేశ ఎలక్ట్రానిక్స్ అవసరాలను అంచనా వేయడానికి 1963లో ఏర్పాటైన భాభా కమిటీలో విక్రం సారాభాయి, సూరి భగవంతంలతో పాటు రావు కూడా సభ్యుడు. 1966 జనవరిలో విమాన ప్రమాదంలో భాభా మరణించాడు. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 11న అణుశక్తి శాఖ క్రింద ఈసీఐఎల్ ఏర్పడింది. విదేశీ సంస్థల సాంకేతిక సహకారం కోరకుండా, ట్రాంబే ప్రయోగశాలల్లో పుట్టిన పరిజ్ఞానంతోనే వస్తువులు తయారుచేయాలన్నది ఈయన పట్టుదల. టీడీసీ-12 కంప్యూటరు ఆ విధంగా వచ్చినదే.

పల్లెకు ప్రసారం

1975 ఆగస్టు 1 నుండి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు విద్యా, వ్యవసాయ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. దీనినే సైట్ ప్రయోగం అంటారు. ఉపగ్రహ సంకేతం 860 మెగాహెర్ట్‌జ్ వద్ద వచ్చేది. మామూలు టెలివిజను దానిని అందుకోలేదు. అందుచేత సుమారు మూడు మీటర్ల వలతో చేసిన పళ్ళెం వంటి యాంటెన్నా, సంకేతాన్ని మార్చే పరికరం, టెలివిజను కలిపి ఒక్కొక్క ఊరికి అమర్చారు. అహ్మదాబాదులోని ఇస్రో శాస్త్రవేత్తల రూపకల్పన ప్రకారం వీటిని తయారుచేసినది ఈసీఐఎల్. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదు కేంద్రంలో తయారయ్యేవి. నగరంలో దూరదర్శన్ కేంద్రం 1977లో గాని రాలేదు, అంటే కొన్ని పల్లెలు రాజధాని కంటే ముందే టెలివిజను చూశాయి.

స్వావలంబనకు మూల్యం లేకపోలేదు. ఈసీఐఎల్ కంప్యూటర్లు తగినన్ని, తగినంత త్వరగా రావడం లేదన్న విమర్శ 1970లలో బలపడి, 1978లో ప్రభుత్వం చిన్న కంప్యూటర్ల తయారీని ప్రైవేటు సంస్థలకు తెరిచింది. 1982లో రంగుల ప్రసారాలు మొదలై దిగుమతి కిట్లు వచ్చిపడడంతో ఒకప్పుడు ఇంటింటి పేరైన ఈసీ టీవీ కూడా క్రమంగా వెనుకబడింది. అయితే సంస్థ నిలిచింది. అణు విద్యుత్ కేంద్రాలకు నియంత్రణ పరికరాలు, భూకేంద్రాల యాంటెన్నాలు, ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రాలు దాని ఉత్పత్తులే.

పురస్కారాలు

రావుకు 1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1972లో పద్మభూషణ్ లభించాయి. హైదరాబాదులో ఈసీఐఎల్ సమీపాన ఉన్న ఎ.ఎస్.రావు నగర్‌కు ఈయన పేరే పెట్టారు.